మూత కింది కాగితం

సంచి సర్దేటప్పుడు బరువైనవి అడుగున పెట్టాలి. తమ్ముడి బూట్లు అడుగున పెట్టాను. ఒక బూటులో మోకాలి పట్టీ, రెండో దాంట్లో గడ్డం గీసుకునే సామాను దూర్చాను. వాటి మీద రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, లోపలి బట్టలు, ఒక తువ్వాలు. మందుల పెట్టె పక్కన నిలబెట్టాను. నాలుగు రోజుల్లో వచ్చేస్తానన్నాడు కాబట్టి ఆరు రోజులకి మందులు వేశాను. చివర్లో, ఎప్పటిలాగే, సంచిలో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాసి అన్నిటికంటే పైన పెట్టాను.

ఆ జాబితా నకలు నా నోటుపుస్తకంలో ఉంటుంది. మా ఇంట్లోంచి సంచితో బయటికి వెళ్ళిన ప్రతి మనిషికీ అందులో ఒక పేజీ ఉంది. మా నాన్న వెళ్ళేనాటికి నాకు రాయడం రాదు, తర్వాత గుర్తు తెచ్చుకుని రాశాను. తొమ్మిది వస్తువులు. మా ఆయన పేజీలో పదకొండు. ఆసుపత్రివాళ్ళు ఆయన సంచి తిరిగి ఇచ్చినప్పుడు పదకొండూ సరిపోయాయి.

"అక్కా, ఆ సంచి పట్టదు. మెత్తటిదేదైనా చూడు" అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి.

మళ్ళీ మొత్తం తీసి గుడ్డసంచిలోకి మార్చాను. తమ్ముడి కారులో సామాను పెట్టుకునే చోటు తలగడంత ఉంటుంది. అదీ ముందువైపు. ఇంజను వెనకాల ఉంటుంది. బానెట్ ఎత్తితే డిక్కీ కనిపించే కారు అది. దాన్ని ఏమనాలో తెలియక నేను మూత అంటాను. ఈ కథంతా ఆ మూత గురించే. తమ్ముడు ప్రయాణం కట్టడానికి కారణం ఆ మూతా, నేనూ.

మా తమ్ముడు పళ్ళ డాక్టరు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. మా అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. తల దువ్వి బడికి పంపింది నేనే. ముప్ఫై ఆరేళ్ళు జనం నోళ్ళలోకి చూసి, చూసి, అరవై మూడో ఏట క్లినిక్ మూసేశాడు. పెళ్ళాం ఇరవై ఏళ్ళ కిందటే ఒక సూట్‌కేసుతో వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. ఆమెకీ పేజీ ఉంది. మా ఆయన పోయాక నేను తమ్ముడి దగ్గరికి వచ్చేశాను. ఇద్దరమే. పొద్దున వాడు పేపరు చదివేవాడు, మధ్యాహ్నం నేను చదివేదాన్ని. నాకు అదే చాలనిపించేది. వాడికి చాల్లేదని ఒక మంగళవారం తెలిసింది. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నానని ఆ రోజు చెప్పాడు.

ఎర్రది. రెండే సీట్లు. ఎక్కితే కూర్చున్నట్టుండదు, పడుకున్నట్టుంటుంది. దిగాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి. అమ్మినవాడు మెడలో గొలుసుతో, చేతిలో తాళంచెవులతో నిలబడి "ఫుల్ ఆప్షన్స్ అమ్మగారూ" అన్నాడు. అంటే ఏమేం ఉన్నాయని అడిగాను. అన్నీ అన్నాడు. అన్నీ అంటే ఏవని మళ్ళీ అడిగాను. టీ తెస్తానని లోపలికి వెళ్ళాడు. మేం వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు.

ఆప్షన్స్ అంటే ఏమిటో తర్వాత తమ్ముడు విడమరిచి చెప్పాడు. ఆ కంపెనీ కారుని మామూలుగా తయారుచేస్తుందట. కొనేవాళ్ళు కాళ్ళ కింద పట్టా కావాలనో, సీటు వెచ్చబడాలనో, లైట్ల మీద నీళ్ళు చిమ్మాలనో అడిగితే ఒక్కోదానికి మూడంకెల నంబరు వేసి ఫ్యాక్టరీలోనే బిగిస్తుందట. ఏ కారుకి ఏ నంబర్లు పడ్డాయో అరచేతంత తెల్లకాగితం మీద అచ్చువేసి ముందు మూతకి లోపలివైపు అంటిస్తారు. మా కారు మూత కింద ఉన్న కాగితం మీద పదిహేడు నంబర్లున్నాయి.

"పదిహేడక్కా" అన్నాడు తమ్ముడు. వాడి పదో తరగతి మార్కులు చెప్పినప్పుడు కూడా గొంతు అంత ఊగలేదు.

ఊళ్ళో ఈ కార్లవాళ్ళకి ఒక క్లబ్బు ఉంది. ఇరవై ముగ్గురు మగవాళ్ళు. జుట్టున్నవాళ్ళు నలుగురు, మిగిలినవాళ్ళకి టోపీలు. అధ్యక్షుణ్ణి అందరూ నంబర్ల మాస్టారంటారు. నిజానికి ఆయన మాస్టారు కాదు. దెబ్బతిన్న కార్లు చూసి ఇన్సూరెన్సు వాళ్ళకి రిపోర్టులు రాసే సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ కంపెనీ నంబర్లన్నీ ఆయనకి కంఠతా వచ్చు. మనవరాలు పుడితే పేరేం పెట్టాలని కొడుకు ఫోన్ చేసినప్పుడు ఆయన నోట్లోంచి మూడంకెలు వచ్చాయని చెప్పుకుంటారు. క్లబ్బు మీటింగులో ఎవరో ఒక నంబరు పైకి అంటారు, తక్కినవాళ్ళు నిట్టూరుస్తారు. మా డ్రాయింగు రూములో రెండుసార్లు జరిగింది, కాఫీ అందిస్తూ విన్నాను.

ఏడాదికోసారి క్లబ్బు మూడు వారాలు కొండదారుల్లో తిరిగొస్తుంది. అందులో చేరాలంటే ఒక నియమం ఉంది. మూత కింది కాగితంలోని ప్రతి నంబరూ కారులో ఎక్కడుందో చూపించాలి. ఫోటో తీసి ఇవ్వాలి. మాస్టారు వచ్చి తన పుస్తకంలో టిక్కు పెట్టాలి. ఒక్క నంబరు తేలకపోయినా ఆ కారు వరసలోకి రాదు.

మూడు వారాలు అనగానే ఇరవై ఒక్క రోజుల మందులు లెక్కవేశాను. వాడికి మోకాళ్ళ నొప్పి. కొండ మలుపులు. వర్షం. పక్కసీట్లో మందులు గుర్తుచేసేవాళ్ళు ఉండరు. వద్దంటే వినడు, ఏడిస్తే ఇంకా తొందరగా వెళతాడు. మా ఇంట్లో మనుషుల సంగతి నాకు తెలుసు. అందుకని పైకి ఏమీ అనకుండా, ఆ పదిహేడులో ఒక్కటైనా దొరక్కుండా పోవాలని కోరుకుంటూ కూర్చున్నాను. తమ్ముడి కల చెడాలని కోరుకున్న అక్కని. దాచి ప్రయోజనం లేదు.

తొమ్మిది నంబర్లు మొదటిరోజే దొరికాయి. ఏ కారులోనైనా ఉండేవే. మిగిలిన ఎనిమిదింటి కోసం తమ్ముడు క్లినిక్ నుంచి తెచ్చుకున్న పనిముట్లు బయటికి తీశాడు. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం, నుదుటికి కట్టుకునే లైటు, మొనతేలిన కొక్కెం. సీటు కిందికి దూరి, అద్దం తిప్పుతూ, అలవాటు కొద్దీ "కొంచెం పెద్దగా తెరవండి" అన్నాడు ఒకసారి. డోరు పట్టుకున్నది నేనే. ఇంకొంచెం తెరిచాను.

ఒక నంబరుకి అర్థం వెనక అద్దం మీద వైపరు. మా కారుకి వెనకాల వైపరు లేదు. లేదని వీధి చివర నిలబడ్డవాళ్ళకి కూడా కనిపిస్తుంది. మాస్టారుకి ఫోన్ చేస్తే, ఎవరో తీసేసి అద్దానికున్న రంధ్రం పూడ్చేసి ఉంటారు, జాగ్రత్తగా చూస్తే అతుకు తెలుస్తుందన్నాడట. తమ్ముడు నుదుటి లైటుతో గంటసేపు చూశాడు. అతుకు తెలిసిందన్నాడు. నేనూ చూశాను. నాకు నా మొహం కనిపించింది.

ఇంకొకటి సీట్లలో వేడి. బటన్ ఎక్కడా లేదు. బటన్ లేకపోయినా లోపల తీగలుంటాయని క్లబ్బులో ఒకాయన ధైర్యం చెప్పాడు. తమ్ముడు తన వీపుని తాను నమ్మలేక ఎదురింటి బ్యాంకు మేనేజరుని పిలిచాడు. ఆయన రిటైరై ఆరేళ్ళయినా ఏ కాగితమూ రెండుసార్లు చూడకుండా సంతకం పెట్టడు, అందుకని పిలిచాడు. ఆయన లోపలికి దిగి, కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు.

"వస్తోంది డాక్టరుగారూ. మెల్లగా వస్తోంది."

కారు పొద్దుటి నుంచి ఎండలో ఉంది. ఆ మాటే అన్నాను. కారుని షెడ్డులోకి మార్చి కూర్చోమన్నాను. "నీడలో అది పనిచెయ్యదక్కయ్యగారూ" అని దిగడానికి చెయ్యి అందించమన్నాడు. తమ్ముడు ఆ నంబరు పక్కన టిక్కు పెట్టుకున్నాడు.

మాస్టారు ఒక ఆదివారం పరీక్షకి వచ్చాడు. వెంట ఏడుగురు. పొగగొట్టం మామూలుది కాదని, స్పోర్ట్స్ రకమని ఒక నంబరు చెబుతోంది. ఆ తేడా చెవితో పట్టాలి. తమ్ముడు ఇంజను స్టార్ట్ చేశాడు. ఎనిమిదిమంది కారు వెనకాల వరసగా నిలబడి, తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు మూసుకున్నారు. ఎవరైనా వీధిలోంచి చూస్తే పోయినవాళ్ళకి నివాళి అనుకుంటారు.

"వినిపిస్తోందా?" అన్నాడు మాస్టారు.

వినిపిస్తోందన్నారు. ఒకాయన గొంతు తడిగా ఉంది. నాకు ఎడమ చెవి సరిగా పనిచెయ్యదు కాబట్టి కుడి చెవి పెట్టి విని, తేడా ఎలా తెలుసుకోవాలని పక్కనున్నాయన్ని అడిగాను. అది కొందరికే తెలుస్తుందమ్మా అన్నాడు జాలిగా.

అలా ఆరు తేలిపోయాయి. రెండు మిగిలాయి. వాటిని వచ్చే ఆదివారం చూద్దాం, మీరు మాత్రం సంచి సర్దుకోవడం మొదలుపెట్టండి డాక్టరుగారూ అని మాస్టారు వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారానికి ఆ రెండు కూడా దొరుకుతాయని నాకు తెలిసిపోయింది. లేనివి దొరికించడంలో ఆ క్లబ్బుకి తిరుగులేదు.

నేను బడికి వెళ్ళలేదు. సరుకులు చుట్టి ఇచ్చిన కాగితాలు విప్పి, తమ్ముడి వాచకంలో అక్షరాలతో పోల్చుకుని చదవడం నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మందు డబ్బాల మీద నేర్చుకున్నాను. చెప్పేవాళ్ళు లేకుండా నేర్చుకున్నదాన్ని కాబట్టి, కాగితంలో ఏది ముఖ్యమో ఏది కాదో నాకు తెలియదు. అందుకని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాను. పుస్తకమైతే ముద్రించిన ప్రెస్సు చిరునామా కూడా వదలను. తమ్ముడు నవ్వుతాడు. వాడు చదువుకున్నవాడు, కావలసిన చోటికి నేరుగా వెళ్ళిపోతాడు.

మాస్టారు పుస్తకంలో, తమ్ముడి ఫోనులో, క్లబ్బువాళ్ళ నోళ్ళలో తిరుగుతున్నవి ఆ పదిహేడు నంబర్లే. కాగితం నేను చూడలేదు. సోమవారం తమ్ముడు నడకకి వెళ్ళినప్పుడు మూత ఎత్తి, స్టూలు మీద కూర్చుని, భూతద్దం పెట్టి చదివాను. అన్నిటికంటే పైన ఒక వరస ఉంది. అక్షరాలూ అంకెలూ కలిపి పదిహేడు. దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ఇలాంటి పొడుగాటి వరస ఎక్కడో రాసినట్టు గుర్తొచ్చింది. కారు వచ్చిన రోజే, ఇది కూడా ఎప్పుడో వెళ్ళిపోయేదే కదా అని, దానికీ ఒక పేజీ పెట్టి, ముందు అద్దం అడుగున ఎడమ మూల కనిపించే, ఒక్కో కారుకి ఒక్కటే ఉండే ఛాసిస్ నంబరు రాసిపెట్టాను. రెండు వరసలూ పోల్చి చూశాను.

చివరి ఆరంకెలు కలవలేదు.

నా రాత తప్పేమోనని మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ మూత దగ్గరికి వచ్చాను. మూడుసార్లు. అంకెలు మారలేదు. ఆ కాగితం ఈ కారుది కాదు. ఈ మూత ఈ కారుది కాదు.

పాపం తమ్ముడు అనుకోవాలి. అనుకోలేదు. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. అద్దంలో చూసుకుంటే నవ్వుతున్నాను.

వాడు నడక నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పాను. "ఒరే, ఆ కాగితం పైవరస చదివావా?"

"పైవరసలో ఏముంటుందక్కా. కారు నంబరేగా."

"ఏ కారుది?"

వాడు ఒక కాలికి చెప్పుతోనే షెడ్డులోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు.

మాస్టారు వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఒకసారి, కిందికి దించి ఒకసారి చదివాడు. ముప్ఫై ఏళ్ళు దెబ్బతిన్న కార్లే చూసిన మనిషి, ఆ వారం కిందటే ఆ మూత మీద చెయ్యి ఆనించి ఫోటో దిగాడు. "మేం పైవరస చూడం. పైవరస అందరికీ ఉంటుంది" అన్నాడు చివరికి. ఆ తర్వాత మెకానిక్ వచ్చి కీళ్ళ దగ్గర బోల్టుల మీద వేలు పెట్టి చూపించాడు. రంగు గీరుకుపోయి ఉంది. ఎప్పుడో ఈ కారు ముందుభాగం దెబ్బతిన్నదనీ, ఇంకెక్కడో పాడైపోయిన కారుకి రంగు కలిసిన మూత దొరికితే తెచ్చి బిగించారనీ, కాగితం మూతతో పాటే వచ్చిందనీ రెండు ముక్కల్లో చెప్పి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అసలు మా కారుకి ఏమున్నాయో తెలుసుకోవడానికి తమ్ముడు ఛాసిస్ నంబరు పెట్టి కంపెనీకి రాశాడు. పది రోజుల్లో జవాబు వచ్చింది. మా కారు మొదటి యజమాని ఫ్యాక్టరీని రెండే కోరాడు. ఒకటి, పక్కసీటువాళ్ళ కాళ్ళ దగ్గర చిన్న వలసంచీ. రెండోది, కారు వెనకాల పేరు వెయ్యవద్దని. అంతే. ఏ కారో ఎవరికీ తెలియకూడదని కోరుకున్న మనిషి ఎవరో, ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

పొగగొట్టం విని గొంతు తడిచేసుకున్నాయన తనకి మొదటి నుంచీ అనుమానమేనన్నాడు. మిగిలినవాళ్ళు కూడా అలాగే అన్నారట. మాట మీద నిలబడింది బ్యాంకు మేనేజరు ఒక్కడే. "కంపెనీవాళ్ళు మర్చిపోయి ఉంటారు. నా వీపు మర్చిపోదు" అన్నాడు.

క్లబ్బు కొండలకి వెళ్ళింది. ఇరవై రెండు కార్లు మా వీధిలోంచే వెళ్ళాయి, హారన్లు కొట్టకుండా, మర్యాదగా. తమ్ముడు గేటు దగ్గర నిలబడి చూశాడు. నేను కిటికీలోంచి తమ్ముణ్ణి చూశాను. ఆరు రోజులు నాకు హాయిగా నిద్రపట్టింది. వాడు సరిగా తినలేదు, పేపరు నాకే ముందు ఇచ్చేశాడు, షెడ్డులో మూత ఎత్తి పెట్టుకుని దాని ఎదురుగా కూర్చునేవాడు. అయినా ఇంట్లోనే ఉన్నాడు. వాడు ఎలా ఉన్నాడని నేను అడగలేదు. ఎక్కడ ఉన్నాడన్నదే నాకు ముఖ్యం. ఆ తేడా అప్పుడు తెలియలేదు.

ఏడో రోజు వాడికి ఒక ఆలోచన వచ్చింది. పైవరసని ఫోనులో ఆ కార్లవాళ్ళ పెద్ద గ్రూపులో పెట్టి, ఈ నంబరు కారు ఎవరిదో తెలిస్తే చెప్పండని రాశాడు. వేరే ఊళ్ళవాళ్ళు కూడా ఉండే గ్రూపు. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. వాడు చదివి ఫోను నా చేతికిచ్చాడు. రెండే మాటలు.

"అది నాది."

ఆవిడ మత్తు డాక్టరు. ఆపరేషన్లకి ముందు నిద్రపుచ్చే పని. రిటైరయింది. ఉండేది ఇక్కడికి ఒకరోజు ప్రయాణం. ఎనిమిదేళ్ళ కిందట సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా లారీ వెనక నుంచి గుద్దిందట. ఆవిడకి గీత పడలేదు. కారు వెనకభాగం ఇంజనుతో సహా నలిగిపోయింది. ఇన్సూరెన్సు వాళ్ళు తీసుకుపోయారు. ముందు మూత మాత్రం ఇక్కడికి చేరింది. ఆవిడ దగ్గర కారుతో ఇచ్చిన సర్వీసు పుస్తకం మిగిలింది. దాని మొదటి పేజీలో అదే కాగితం, అదే పైవరస, అవే పదిహేడు.

తమ్ముడు కొండల మీదున్న మాస్టారుకి ఫోన్ చేశాడు. మాస్టారు ఆలోచించి తీర్పు చెప్పాడు. మూత ఒక కారుదీ ఒళ్ళు ఇంకో కారుదీ అయిన వాహనాన్ని మిశ్రమం అనే తరగతిలో చేర్చుకోవచ్చట. అందుకు ఆ మూత పాత యజమాని తన పుస్తకంతో మూతని స్వయంగా పోల్చి, అవును ఇది నాదే అని సంతకం పెట్టాలి. ఫోటోలు చెల్లవు. మూత ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. ఆ నియమం అప్పటికి లేదని, ఆ ఫోనులోనే పుట్టిందని నాకు గట్టి నమ్మకం.

బయల్దేరే ముందురోజు ఆవిడ ఫోన్ చేసింది. తమ్ముడు స్నానానికి వెళ్ళాడు, నేనెత్తాను.

"పైవరస చదివింది మీరేనా అండీ?"

నేనేనన్నాను.

"ఆపరేషన్ థియేటర్లో కూడా అంతేనండి. పేషెంటు పేరు కాగితం పైనే ఉంటుంది. అదొక్కటీ వదిలేసి అన్నీ చదువుతారు." ఆవిడ నవ్వింది. తర్వాత తన పదిహేడు నంబర్లూ ఎందుకు కోరిందో చెప్పింది. నడుం నొప్పి, అందుకని సీట్లో వేడి. వాళ్ళ ఊళ్ళో ఎప్పుడూ చినుకు, అందుకని వెనక వైపరు. పొగగొట్టం మాత్రం ఆసుపత్రి పార్కింగులో సర్జన్లు తిరిగి చూడాలని. "ముప్ఫై ఏళ్ళు మాస్కు కట్టుకుని బతికానండి, ఒక్కసారి చప్పుడు చెయ్యాలనిపించింది" అంది.

నాకు ఆవిడ నచ్చింది. ఫోను పెట్టేశాక వాడి మందులు మళ్ళీ లెక్కపెట్టాను.

ఈ సంగతి విన్న మేనేజరు, ఒకరు మత్తిచ్చే డాక్టరు, ఒకరు పీకే డాక్టరు, ఇంకేం కావాలి అన్నాడు. ఆయన జోకులకి నేను నవ్వను. తమ్ముడు నవ్వాడు. వాడు నవ్వి నెల దాటింది.

గురువారం పొద్దున గుడ్డసంచి మూత కింద పెట్టాను. సరిగ్గా పట్టింది. మూత వేసే ముందు వాడు ఆ కాగితం వైపు చూశాడు, నేనూ చూశాను. "నాలుగు రోజులక్కా. సంతకం తీసుకుని వచ్చేస్తా" అన్నాడు. మోకాలు వంగక సీట్లోకి దిగడానికి నా భుజం పట్టుకున్నాడు. గేటు నేనే తీశాను. ఆ పొగగొట్టం మామూలుదే, స్కూటరు చప్పుడు లాంటిదే. వీధి మలుపు దాకా వినిపించింది.

ఆ సాయంత్రం చేరానని ఫోన్ చేశాడు. కాగితాలు పోల్చారట, పైవరస కలిసిందట. కానీ సంతకం వెంటనే పెట్టకూడదు, నంబర్లు కూడా ఒక్కొక్కటే పోల్చాలి అందట ఆవిడ. రోజుకి ఎన్ని పోలుస్తారని అడిగాను. ఒకటో రెండో అన్నాడు.

ఆరు రోజులు అయ్యాయి. మందులు అయిపోయి ఉంటాయిరా అన్నాను. ఆవిడ తెప్పించిందన్నాడు. పన్నెండో రోజుకి పదిహేడులో పదమూడు అయ్యాయి. పదిహేనో రోజున మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నారట, ఒకటి తప్పు పడ్డట్టు అనుమానం వచ్చిందట. ఈలోగా మూడు వారాలు పూర్తయి క్లబ్బు కొండల నుంచి తిరిగొచ్చింది. ఇరవై రెండు కార్లూ వచ్చాయి, అందరూ ఎర్రగా కమిలి, క్షేమంగా. మాస్టారు మా గేటు దగ్గర ఆగి సంతకం ఇంకా రాలేదే అన్నాడు.

నెల దాటాక తమ్ముడు ఒక జాబితా పంపాడు. పార్సిల్లో పంపమన్న వస్తువులు. చదువుకునే కళ్ళద్దాలు, రెండో జత. ఉన్ని కోటు. దిండు, వాడి దిండే. పళ్ళు చూసే అద్దాలు, నుదుటి లైటు. వాళ్ళ వీధిలో ఇద్దరు ముసలాళ్ళకి పళ్ళు కదులుతున్నాయట.

ఎవరి జాబితా అయినా నేను మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. సంతకం కోసం వెళ్ళిన మనిషి ఉన్ని కోటు అడగడు. అప్పటికి ఎండాకాలం కూడా పోలేదు. అన్నీ సర్దాను. దిండు అడుగున పెట్టాను, అది నియమానికి విరుద్ధం. జాబితా రాసి పైన పెట్టాను. నకలు వాడి పేజీలోనే, కింద ఖాళీ ఉంటే, ఎక్కించాను.

వాడు ఆదివారాలు ఫోన్ చేస్తాడు. మందులు వేసుకున్నావా అని వాడే నన్ను అడుగుతాడు. ఆవిడ కూడా మాట్లాడుతుంది, నడుం ఎలా ఉందో చెబుతుంది. నువ్వూ వచ్చెయ్యి అక్కా, కారులో వచ్చి తీసుకెళతా అంటాడు. రెండే సీట్లు కదరా అంటాను. ఒక్కదానివేగా అంటాడు. నిజమే. నా సంచి ఎవరు సర్దుతారు, ఎవరు జాబితా రాసుకుంటారు అని మాత్రం మనసులో అనుకుంటాను.

సంతకం చివరికి పోస్టులో వచ్చింది. మాస్టారు దాన్ని మూడుసార్లు చదివాడు, పైవరస నుంచి మొదలుపెట్టి. మిశ్రమం అనే తరగతి కింద మా కారుని పుస్తకంలో ఎక్కించి టిక్కు పెట్టాడు. వచ్చే ఏడాది నుంచి కొండలకి రావచ్చన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు క్లబ్బు కొండలకి వెళ్ళొచ్చింది. షెడ్డులో ఇప్పుడు మేనేజరు పాత కుర్చీలు పెట్టుకున్నాడు. ఆ చోట నిలబడితే ఇప్పటికీ వీపుకి వెచ్చగా ఉంటుందంటాడు.

నోటుపుస్తకంలో తమ్ముడి పేజీ చివర ఒక వరస ఖాళీ ఉంచాను. నిన్న దాన్ని కూడా నింపాను. మా తమ్ముడు మే తొమ్మిదో తారీఖు, గురువారం, ఉదయం ఆరుంపావుకి వెళ్ళాడు. తిరిగి రాలేదు.